పట్టిక వేసేముందు గోడని అడగండి

డిసెంబరు వచ్చిందంటే మన ఊళ్ల ఆర్ట్ గ్యాలరీ కమిటీలు కూర్చుని వచ్చే ఏడాది ప్రదర్శనల పట్టిక వేసేస్తాయి. సంక్రాంతికి బొమ్మల కొలువు, ఉగాదికి నీటిరంగులు, వేసవి సెలవుల్లో పిల్లల బొమ్మలు. ఆగస్టు 7 చేనేత దినోత్సవం కాబట్టి కలంకారీ, 19 ఫొటోగ్రఫీ దినోత్సవం కాబట్టి ఫొటోలు, డిసెంబరు 15 బాపు పుట్టినరోజు కాబట్టి కార్టూన్లు. పన్నెండు నెలలు, పన్నెండు రకాలు. వినడానికి ఎంత బాగుందో! కాకపోతే ఇదంతా పంచాంగం ముందు పెట్టుకుని వేసిన పట్టిక. గోడకి చెమ్మ ఎప్పుడొస్తుందో, గదిలో వెలుతురెంతో, బొమ్మ దేనిమీద వేశారో ఎవరూ అడగలేదు.

ఆగస్టులో కాగితాన్నీ గుడ్డనీ గోడకెక్కించడం చూస్తే ఒళ్లు మండుతుంది. వానాకాలంలో కోస్తా గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. కాగితానికి పడేది 50కి కాస్త అటూఇటూ. ఫ్రేము వెనకున్న హార్డ్‌బోర్డు గోడ చెమ్మనంతా పీల్చుకుంటుంది. అద్దానికి ఆనుకున్న ఫొటో మెత్తబడి దానికే అతుక్కుపోతుంది. ఊడదీయబోతే ముఖం సగం అద్దం మీదే ఉండిపోతుంది. దీనికి మందేమీ ఖరీదైంది కాదు. అద్దానికీ ఫొటోకీ మధ్య 2 మిల్లీమీటర్ల మౌంటు (చుట్టూ పెట్టే అట్ట అంచు), ఫ్రేము వెనక కింది మూలల్లో చెరో బెండు ముక్క. గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడితే సగం గండం గట్టెక్కినట్టే. అసలు మందు మాత్రం ఫొటోల్ని జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకోవడం. ఆగస్టు 19న ఫొటోగ్రఫీ గురించి సభ పెట్టుకోండి, ఎవరొద్దన్నారు?

వానల్లో పెట్టదగ్గవి వేరే ఉన్నాయి. కాల్చిన మట్టిబొమ్మలు, రాతి శిల్పాలు, ఆదిలాబాద్ డోక్రా (మైనం అచ్చుతో పోతపోసిన లోహపు బొమ్మలు), పెంబర్తి ఇత్తడి. ఇత్తడిని ఒట్టి చేత్తో పట్టుకుంటే చెమట మరకలు పడతాయి, నూలు చేతితొడుగులు తప్పనిసరి. ఇంకోటి, ప్లైవుడ్‌తో చేసిన బోలు పీఠం మూడున్నర అడుగులుంటే ఓ పిల్లాడు ఆనుకున్నా పడిపోతుంది. దాని లోపల అడుగున 20 కిలోల ఇసుక బస్తా పెట్టండి.

ఇక చేర్యాల. ఏ గ్యాలరీ చూసినా చేర్యాల అనగానే చిన్న ఫ్రేముల్లో నాలుగు బొమ్మలు, రెండు మాస్కులు పెట్టి అయిందనిపిస్తారు. అసలు చేర్యాల అంటే పటం, గుడ్డమీద కథంతా బొమ్మలుగా వేసిన పొడవాటి చుట్ట. మూడడుగుల వెడల్పు, పొడవు నలభై అడుగులు దాటేవీ ఉంటాయి. కథ చెప్పేవాళ్లు ఒక్కో గడి విప్పుతూ చెప్పుకుంటూ పోతారు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పేది ఇలాంటి పటం మీదే. దాన్ని గోడ పొడుగునా అడ్డంగా పరిచి మేకులు కొట్టడం కన్నా అపచారం ఇంకోటి లేదు. రెండు వెదురు బొంగుల మధ్య నిలువుగా కట్టండి, పైన ఒకటి, కింద ఒకటి. కంటి ఎత్తులో రెండు గడులు కనబడితే చాలు. రోజుకి రెండు గడులు ముందుకి జరపండి. ఈ కథలో తర్వాతేమైందని రెండోరోజూ జనం వస్తారు. నెలంతా ఒకే గోడని చూసిపొమ్మంటే ఎవరొస్తారు?

పటాన్ని మడిచి తెచ్చారా, అయిపోయిందే. ఖద్దరు మీద చింతగింజల గంజి, బియ్యం గంజి, సుద్దమట్టి, చెట్టుజిగురు కలిపి పూత వేస్తారు. మడత దగ్గర ఆ పూత గీతలా పగిలి, రంగు పెచ్చులుగా రాలుతుంది. లావుపాటి గొట్టానికి చుట్టి తేవాలి. పైగా ఆ గంజి బొద్దింకలకి విందు భోజనం. ఒక పక్క ప్రారంభోత్సవం సమోసాలు అదే హాల్లో పెట్టి, మూడోవారం బొద్దింక పటం అంచు కొరికేసిందని ఆశ్చర్యపోవడం మన కమిటీలకే చెల్లింది.

తోలుబొమ్మలదీ ఇదే గోల. నిమ్మలకుంట నుంచి అయిదడుగుల హనుమంతుణ్ణి తెప్పించి తెల్లగోడకి ఆనిస్తే నల్లటి అట్టలా ఉంటాడు. మేకతోలుని గీకి, పలచన చేసి రంగు వేసిందే వెనకనుంచి వెలుగు రావడానికి. తెల్లటి పంచెలాంటి గుడ్డ బిగించి, మూడడుగుల వెనక ఎల్‌ఈడీ దీపాలు పెట్టండి. పాత హాలోజెన్ లైట్లయితే ఆ వేడికి తోలు చుట్టలు చుట్టుకుంటుంది. మధ్యలో ఉండే వెదురు బద్దతోనే వేలాడదీయాలి. తోలుకి మేకు తగలకూడదు.

వేలాడదీయడం అంటే మనవాళ్లకి కుర్చీ ఎక్కి అందినంత ఎత్తున మేకు కొట్టడమే. బొమ్మ నడిమధ్య నేలనుంచి 58 అంగుళాల ఎత్తులో ఉండాలి. 30 అంగుళాల ఎత్తున్న బొమ్మ అనుకోండి, సగం 15. వెనక తీగని మేకు పట్టుకునే చోట పైకి లాగితే అది పై అంచుకి 4 అంగుళాలు కింద ఆగుతుంది. 58కి 15 కలిపి 4 తీసేస్తే 69. మేకు అక్కడ. ప్రతి బొమ్మకీ ఈ లెక్క వేయాలి, ఎందుకంటే తీగ బిగువు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. నైలాన్ తాడు వాడకండి, ముడి జారుతుంది. పిల్లల బొమ్మలకైతే మధ్య 42 అంగుళాలకి దించండి, చూసేది వాళ్లే కదా. మే నెలలో ఆ పిల్లల అక్రిలిక్ కాన్వాసుల్ని బబుల్ ర్యాప్‌లో నేరుగా చుట్టితే ఎండకి రంగు మెత్తబడి గుండ్రటి మచ్చలు పడతాయి. ముందు బటర్ పేపర్ చుట్టి, దానిపైన బబుల్ ర్యాప్.

40 అడుగులు, 25 అడుగుల హాలు అనుకుందాం. నాలుగు గోడలూ కలిపి 130 అడుగులు. తలుపులూ కిటికీలూ పోగా 100 మిగులుతాయేమో. రెండడుగుల బొమ్మ, పక్కన అడుగుంపావు ఖాళీ, మొత్తం 30 బొమ్మలు పడతాయి. అందులో 75 వేలాడదీసి, ‘అందరికీ అవకాశం ఇచ్చాం’ అంటారు. అందరి బొమ్మలూ కనబడకుండా చేశారంటే సరిపోతుంది.

వెలుతురు సంగతి. నీటిరంగులకీ గుడ్డకీ ఫొటోలకీ 50 లక్స్ (బొమ్మ మీద పడే వెలుతురు కొలత) మించకూడదు, తైలవర్ణాలకి 200 దాకా ఫర్వాలేదు. 200 లక్స్ కింద పది రోజులుంచితే, 50 లక్స్ కింద నలభై రోజులుంచినంత దెబ్బ. వెలిసిన రంగు మళ్లీ రాదు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆయన నీటిరంగులకి నూరేళ్లు దాటాయి. ఊళ్లో గ్యాలరీకి అలాంటి అసలు బొమ్మలు అరువు అడగడం కన్నా మంచి ముద్రణ పెట్టి, ‘ఇది ప్రతి’ అని రాయడం మర్యాద.

మరి ఏడాదికి ఎన్ని? దించడానికి ఒక రోజు, మేకుల బొక్కలకి పుట్టీ, అది ఆరడం, రంగు కలిపి రెండు రోజులు, ఎక్కించడానికి రెండు, లైట్లకీ, బొమ్మల పక్కన పెట్టే చీటీలకీ ఒకటి. ఆరు రోజులు, మధ్యలో ఊపిరికి ఒక రోజు. అంటే వారం. ఎనిమిది ప్రదర్శనలు, ఒక్కోటి అయిదు వారాలు, మధ్య వారాలతో కలిపి 48. మిగిలిన నాలుగు వారాలు మరమ్మతులకి. పన్నెండు చేస్తామంటే పుట్టీ ఆరకముందే రంగు వేస్తారు, నెలలోపే పొరలుగా లేస్తుంది.

చీటీల్లో తెలుగు అక్షరం 20 పాయింట్లకి తగ్గించకండి, వత్తులన్నీ ముద్దకడతాయి. కళాకారుడి పేరు, బొమ్మ పేరు, దేనితో వేశారు, ముందు ఎత్తు తర్వాత వెడల్పు, ఏడాది, ధర. అతిథుల ముఖాలున్న ఫ్లెక్సీ మాత్రం హాల్లో అన్నిటికన్నా పెద్ద బొమ్మ కాకూడదు. దీపారాధన కుంది గుమ్మం బయట పెట్టండి, ఆ పొగ మసి పక్క కాన్వాసులకి పడుతుంది.

ఇక వేళలు. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా తెరిచి, ఆదివారం తాళం వేసి, జనం రావట్లేదని వాపోతారు. ఆ వేళకి ఆఫీసుల్లో, బడుల్లో ఉన్నవాళ్లే కదా జనమంటే. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా, సోమవారం సెలవు. వాచ్‌మన్ డ్యూటీ ఎలాగూ ఎనిమిది గంటలే, మార్చేది వేళే.