పైన పటారం, లోన అట్టముక్క

ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చి బెల్టు తీస్తుంటే నల్లటి పొట్టు రాలి చేతికంటుకుంది. కొని ఎనిమిది నెలలు కాలేదు. చవకది కూడా కాదండీ. పక్కనే సగం ధరకి ఇంకోటి వేలాడుతున్నా, "ఒక్కసారి ఖర్చు పెడితే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అని నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకుని మరీ కొన్నాను.

గీకి చూస్తే లోపల అట్ట. దీన్నే బాండెడ్ లెదర్ అంటారట. తోలు కోయగా మిగిలిన ముక్కల్ని పొడి చేసి, జిగురు కలిపి పలకలా వత్తి, పైన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత పూసి, దాని మీద తోలు గీతలు అచ్చేస్తారు. పెట్టె మీద బంగారు అక్షరాలతో లెదర్ అని ఉంది. అబద్ధమని ఎలా అంటాం, తోలు ఉందిగా, పిండి రూపంలో! ఆ పెట్టె మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు. నడుముకి అదే చుట్టుకోవాల్సింది.

"క్వాలిటీ కావాలంటే డబ్బులు పెట్టాలి" అని పాఠం చెప్పే మేధావులు ఇప్పుడు వస్తారు. పెట్టానయ్యా! బూట్లకీ పెట్టాను. అడుగు కుట్టారా, జిగురుతో అతికించారా అని అడిగితే అమ్మేవాడు నన్ను పిచ్చివాడిలా చూశాడు. అతికించారని మొదటి వానకి బూటే నోరు తెరిచి చెప్పింది.

1924లో పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు ఫీబస్ అని ఒక కూటమి కట్టి, బల్బు ఆయుష్షు 1,000 గంటలకి కుదించాయి. అంతకన్నా ఎక్కువ వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా! వందేళ్ళ కిందటే అంత బుద్ధి ఉన్నవాళ్ళు నా బెల్టుని వదులుతారా?

ఇదంతా ఒక ఎత్తు. బెల్టు చూసి మా బావగారు "నీకు కొనడం చేతకాదు బావా" అన్నారు చూడండి, అది ఇంకో ఎత్తు. జీవితంలో నేను సరిగ్గా కొన్నది ఒక్కటే, గొడుగు. ఫైబర్ ఊచలది, గాలికి వెనక్కి తిరగబడినా మళ్ళీ సర్దుకుంటుంది. రెట్టింపు ధర పెట్టాను. మూడేళ్ళ కిందట "పది నిమిషాల్లో తెచ్చిస్తా" అని ఆయనే పట్టుకెళ్ళారు. మొన్న వానలో నా ముందే టప్‌మని తెరిచారు. ఒక్క ఊచ వంగలేదు. నేను తడుస్తూ చూశాను.