టాకిల్స్ లెక్కతో నోస్ టాకిల్‌ను తూచకండి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ ముందు వరుస మధ్యన నిలబడేవాడు నోస్ టాకిల్. అతని ఖాతాలో టాకిల్స్ (బంతి ఉన్నవాణ్ని పడగొట్టడాలు), శాక్‌లు (పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాలు) తక్కువ కాబట్టి ఆ స్థానానికి విలువ తగ్గిందని ఒక వ్యాసం వాదించింది. ఆ వాదన సరికాదు. 3-4 డిఫెన్స్‌లో (ముందు వరుసలో ముగ్గురు, వారి వెనక నలుగురు లైన్‌బ్యాకర్లు) అతను, బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే ఎదుటి జట్టు సెంటర్‌కు సరిగ్గా ఎదురుగా నిలబడి, ఆ సెంటర్‌కు రెండు పక్కలా ఉన్న గ్యాప్‌లను (ఖాళీలను) ఒక్కడే కాయాలి. బంతి కదలగానే రెండు చేతులూ సెంటర్ ఛాతీకి ఆనించి, మోచేతులు చాచి అతన్ని దూరంగా నిలపాలి. బంతి ఎటు పోతోందో చూశాకే విడిపించుకుని అటు మళ్లాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. ముందే ఒక పక్కకి దూరితే బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ రెండో పక్కనుంచి దూసుకుపోతాడు. నిటారుగా లేచినా ప్రమాదమే: సెంటర్, అతని పక్కనుండే గార్డ్ కలిసి రెండు గజాలు వెనక్కి నెట్టేస్తారు, వెనకున్న లైన్‌బ్యాకర్ల దారి మూసుకుపోతుంది. ఇలా ఇద్దరూ కలిసి మీద పడే డబుల్ టీమ్ వస్తే గార్డ్ వైపు తుంటి దించి, అవసరమైతే ఆ మోకాలు నేలకు ఆనించైనా చోటు వదలకూడదు. అతను ఇద్దరినీ పట్టి ఉంచినంతసేపూ గార్డ్ లైన్‌బ్యాకర్ మీదికి వెళ్లలేడు. అలా అడ్డు లేకుండా వచ్చి పడగొట్టిన ఆ లైన్‌బ్యాకర్ పేరున టాకిల్ నమోదవుతుంది. పాస్ ఖాయమనుకున్న మూడో డౌన్‌లో (డౌన్ అంటే బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక ప్రయత్నం) నోస్ టాకిల్‌ను బయటికి తీస్తారు, అది నిజమే. కానీ పరుగు ఆపాల్సిన డౌన్‌లలో, 2004 నుంచి 2014 దాకా NFL జట్టు పేట్రియట్స్ తరఫున ఆడిన నోస్ టాకిల్ విన్స్ విల్ఫోర్క్‌ను చూడండి, బంతిని కాదు, అతని పాదాలను.