మహారాజశ్రీ త్రీఫేజు కరెంటు గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి. నిన్న మధ్యాహ్నమంతా స్టార్టర్ పెట్టె పక్కనే కూర్చుని మీ క్షేమసమాచారాలు చూస్తూనే ఉన్నాను కాబట్టి కొత్తగా అడగను. పొద్దున్నుంచి ఏకధాటిగా వస్తారని ముందురోజే వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టించారు. వచ్చారు, అబద్ధం చెప్పకూడదు. పావుగంట ఉండి పోయారు. మళ్లీ వచ్చారు, మళ్లీ పోయారు. మా మేనల్లుడు పెళ్లిచూపుల్లో కూడా ఇంతకంటే ఎక్కువసేపు కూర్చున్నాడు.

లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే ఒకసారి ట్రిప్పయిందన్నాడు, ఇంకోసారి లైను పనికోసం ఆపారు, ఎల్సీ అన్నాడు, మూడోసారి ఎత్తలేదు. ఆ పిల్లాణ్ణి తిట్టి లాభం లేదు. మీ సబ్‌స్టేషన్లో ముక్కలన్నీ కూడితే, ఇస్తామన్న తొమ్మిది గంటల దగ్గరికే వస్తుందేమో. కానీ డ్రిప్పు పైపుకు కూడికలు రావు మహాప్రభో! బోరులోంచి నీళ్లు పైకి రావాలి, ఫిల్టరు దాటాలి, మెయిన్ పైపు నిండాలి, అప్పుడు కదా సన్న పైపుల్లోకి పారేది. ముందు గాలి వస్తుంది. చీనీ (బత్తాయి) చెట్ల మొదళ్లలో డ్రిప్పర్లన్నీ ఉస్సుమంటాయి. తర్వాత బుడగలు, ఆ తర్వాత చుక్క. ఆ చుక్క చివరి సాలు అందుకునే వేళకు మీరు సెలవు తీసుకుంటారు. పైపుల్లో ఉన్న నీళ్లు మీకోసం ఆగవు, పల్లానికి జారి కింది చెట్ల దగ్గర కారిపోతాయి. మీరు తిరిగొస్తే మళ్లీ గాలితోనే మొదలు. సాయంత్రానికి చూస్తే పల్లంలో పాదులన్నీ బురద. మెరకలో మట్టి రంగు కూడా మారలేదు. గోళీకాయంత పిందెలు, ముట్టుకుంటే రాలుతున్నాయి.

మీకు అలవాటైన సమాధానం ఉండనే ఉంది: ఉచితం కదా, అడుగుతారేం? 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ఉచిత కరెంటు మీద మొదటి సంతకం పెట్టిన నాటి నుంచీ వింటున్నాం. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే తలా ఇంత చందా వేసుకుని, మా ట్రాక్టర్ మీదే మోసుకెళ్లి, మా డీజిల్‌తోనే తెచ్చుకుంటాం. ఉచితం ఖరీదు మాకు తెలుసు.

అసలు మీరు మమ్మల్ని చిన్నచూపు చూడటానికి లేదు. నీళ్లు లేకపోతే మీరెక్కడ? శ్రీశైలంలో కృష్ణమ్మ కిందికి దూకితే మీరు పుడతారు. అదే జలాశయం వెనక, మాల్యాల దగ్గర, అవే నీళ్లను హంద్రీ-నీవా కాలువకు పైకెత్తడానికి మళ్లీ మీరే కావాలి. అక్కణ్ణుంచి మెట్టు మెట్టునా ఎత్తుకుంటూ జీడిపల్లి జలాశయం దాకా తేవాలి. ఆ నీటిని టర్బైన్లకు వదలాలా, దాచిపెట్టాలా అని రెండు రాష్ట్రాలు కొట్లాడుకుంటాయి. పోనీ ముద్దనూరు దగ్గర బొగ్గు కాలుస్తారా, ఆవిరికీ నీళ్లే, చల్లబరచడానికీ నీళ్లే. ఆఖరికి ఎన్‌పీ కుంటలో సోలార్ పలకలకు దుమ్ము పట్టినా కడగాల్సిందే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో మీకూ నీళ్లే దిక్కు, మాకూ నీళ్లే దిక్కు. మరి ఈ దొరతనం ఎవరి మీద?

పగలు వస్తున్నావు, అది మాత్రం మరిచిపోలేదు. అర్ధరాత్రి టార్చిలైటుతో మడిలోకి పోయి, కాలికింద మెత్తగా తగిలింది పైపో పామో తెలియక నిలబడిపోయిన రోజులు ఈ ఊళ్లో అందరికీ గుర్తే. రోజంతా ఉండిపొమ్మనీ అడగను. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలూ ఇస్తే, కరెంటు రాగానే మోటార్లను వాటంతటవే లేపే ఆటో స్టార్టర్లు తీసెయ్యండి, లేకపోతే బోర్లు ఎండుతాయని సర్కారే బతిమాలింది. నువ్వు ఆగకుండా ఉంటే మా బోరూ అంతే. నువ్వు పోయాకే దానికి కాస్త ఊట.

కానీ పోవడానికి ఒక పద్ధతుండాలి కదా! పావుగంటకోసారి పోతే బోరుకు విశ్రాంతీ లేదు, చెట్టుకు తడీ లేదు. నువ్వు తిరిగొచ్చిన ప్రతిసారీ లైను మీదున్న ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే లేచి, ఓల్టేజీ పడిపోయి, ఎవడిదో ఒకడి మోటారు వైండింగు కాలిపోతుంది. మొన్న మా పక్క చేనువాడిది. బోరులోంచి పైపులన్నీ పీకి, మోటారు పైకి తీసి, వైండింగు షాపుకు మోసుకెళ్తే అక్కడ మనకంటే ముందే ఎన్ని మోటార్లున్నాయో! ఆ ఖర్చు ఏ ఉచితంలోకి వస్తుంది?

తొమ్మిది గంటలు వద్దు. ఐదు చాలు. తెగకుండా ఇవ్వు, ఎన్ని గంటలకు మొదలో ముందురోజు చెప్పు, చెప్పిన మాట మీద నిలబడు. అదీ చేతకాదంటావా, ఆ మాటే కాగితం మీద రాసివ్వు. మెరకలో సాళ్లన్నీ కొట్టేసి పల్లంలో చెట్లే ఉంచుకుంటాను.

ఇట్లు,
ఫీడరు చివర మిగిలిన ఒక చీనీ రైతు