పిడికిలి బిగిస్తే ఆయుష్షు పెరగదు

"గుండె గట్టిదనం పిడికిలే చెప్తుంది. పట్టు 27 కిలోలు దాటితే ఢోకా లేదు. దాటకపోతే చేతి స్ప్రింగు రోజూ వందసార్లు నొక్కండి, గుండెపోటు రాదు. పొలం పని చేసేవాళ్లకు ఈ భయం లేదు. అరవై దాటినవాళ్లు బరువులు ముట్టొద్దు, నడక చాలు." హన్మకొండ కాలనీ గ్రూపుల నుంచి ములుగు ఊర్ల దాకా వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ ఇది. పెద్దవాళ్లు దీన్ని నమ్మి బరువు పని మానేస్తున్నారు కాబట్టి జవాబు చెప్పాల్సిందే.

మొదటి వాక్యానికి ఆధారం లేకపోలేదు. మన దేశంతో కలిపి 17 దేశాల్లో సుమారు 1.4 లక్షల మందిని పరిశీలించిన ప్యూర్ అధ్యయనం 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పట్టు 5 కిలోలు తగ్గినకొద్దీ మరణించే ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ ముప్పును అంచనా వేయడంలో బీపీ పై అంకె కన్నా పట్టే మెరుగ్గా పనిచేసింది. అయితే పట్టు ఇక్కడ సూచిక మాత్రమే. తిండి చాలకున్నా, షుగరు ముదిరినా, ఏళ్ల తరబడి కదలకుండా కూర్చున్నా ఒంట్లో కండరాలన్నీ నీరసిస్తాయి. చేతి దగ్గర కొలవడం సులువు కాబట్టి అక్కడ కొలుస్తారు.

"27 కిలోలు దాటితే ఢోకా లేదు" అన్నది తప్పు. వయసుతో కండ బలం తగ్గే సార్కోపీనియాను అనుమానించడానికి యూరప్ నిపుణులు 2019లో పెట్టుకున్న గీత అది, అదీ మగవాళ్లకు. ఆడవాళ్లకు 16. అదే ఏడాది ఆసియా నిపుణుల బృందం మగవాళ్లకు 28, ఆడవాళ్లకు 18 అన్నది. కాబట్టి 20 కిలోలు వచ్చిన పెద్దావిడ ఈ మెసేజ్ చూసి బెంగపడనక్కరలేదు. ముప్పై ఏళ్ల మగమనిషి మాత్రం 28 వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు, ఆ వయసుకు అది బాగా తక్కువ. గుండె జబ్బుకు ఇటువైపు క్షేమం, అటువైపు ప్రమాదం అని చెప్పే గీత ఏదీ లేదు.

ఇంతకీ మీ పట్టు అంకె ఎట్లా వచ్చింది? స్ప్రింగు మీద "60 కేజీ" అని రాసుంటే అది మీ పట్టు కాదు. కొలవాలంటే డైనమోమీటర్, అంటే పట్టు బలం చూపే మీటరు కావాలి. కుర్చీలో కూర్చుని పాదాలు నేలకు ఆనించాలి. మోచేయి పక్కటెముకలకు దగ్గరగా ఉంచి లంబకోణంలో వంచాలి, మణికట్టు ఇంచుమించు తిన్నగా ఉండాలి. ఆస్పత్రుల్లో వాడే హైడ్రాలిక్ మీటరుకు పిడి జరుపుకునే గాట్లు ఐదుంటాయి, సాధారణంగా రెండోదాంట్లో పెడతారు. ముల్లు సున్నాకు తెచ్చి 3 నుంచి 5 సెకన్లు బలమంతా పెట్టి నొక్కాలి. నిమిషం ఆగాలి. చేతికి మూడుసార్ల చొప్పున నొక్కి, వచ్చినవాటిలో పెద్దది రాసుకోవాలి. ఒకసారి నిలబడి, ఇంకోసారి కూర్చుని కొలిస్తే ఆ రెండు అంకెలనూ పోల్చడానికి లేదు.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది డయలు. దాని మీద కిలోలు, పౌండ్లు రెండూ ఉంటాయి. 44 పౌండ్లంటే 20 కిలోలే. పౌండ్ల వరస చూసి "44 కిలోలు" అని రాస్తే, బలహీనంగా ఉన్న మగమనిషి కాగితం మీద పహిల్వాన్ అవుతాడు. కీళ్లవాతం ఉన్నా, బొటనవేలి కీలు అరిగినా నొప్పికి పట్టు జారుతుంది, ఆ అంకె కండరం గురించి ఏమీ చెప్పదు.

మీటరు లేని ఇంట్లో కాళ్ల బలం చూసుకోవచ్చు. నన్నడిగితే పెద్దవాళ్లకు ఇదే ముఖ్యం, ఎందుకంటే పడిపోకుండా నిలబెట్టేది తొడ కండరాలే. చేతులు లేని, 43-45 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి కుర్చీని గోడకు ఆనించాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోవాలి. ఐదోసారి నిటారుగా లేవగానే టైం ఆపాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే ఆసియా లెక్కలో బలం తగ్గినట్టు, యూరప్ లెక్కలో 15 దాటాలి. నవారు మంచం మీద ఈ పరీక్ష చేయొద్దు, కూర్చోగానే కుంగి లేవడం కష్టమవుతుంది. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది. మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లకు పక్కన మనిషి ఉండాలి.

స్ప్రింగు నొక్కితే గుండెపోటు ఆగుతుందని ఏ అధ్యయనమూ తేల్చలేదు. వందసార్లు నొక్కితే ముంజేతి కండరాలు గట్టిపడతాయి, అంతే. బహుశా ఇంకో సంగతి చెవినబడి ఈ మాట పుట్టింది: గరిష్ఠ పట్టులో 30 శాతం బలంతో రెండు నిమిషాలు కదలకుండా పట్టుకోవడం, మధ్యలో ఆగుతూ నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. ఇట్లా కొన్ని వారాలు చేసినవాళ్లకు బీపీ కొన్ని పాయింట్లు తగ్గింది. దానికీ వందసార్లు నొక్కడానికీ పోలిక లేదు. బీపీ గోళీలు ఆపడానికి ఇది సాకు అసలే కాదు.

పొలం పని మాట. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీకి నడుము, తొడలు గట్టిగా ఉంటాయి. పత్తి ఏరడం, కలుపు తీయడం ఒళ్లు హూనం చేస్తాయి, కానీ ఎత్తే బరువు తక్కువ. కండరం బలపడాలంటే అలవాటైన బరువు మీద కొంచెం ఎక్కువ పడాలి, అలసట ఒక్కటే చాలదు. జగిత్యాల, సిరిసిల్ల వైపు రోజంతా కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లు ఎంత చురుకైనా తొడలకు పనే ఉండదు. పైగా దున్నడానికి ట్రాక్టరు, కోతకు హార్వెస్టరు వచ్చాక రైతు బరువెత్తే రోజులే తగ్గిపోయాయి.

ఇక "అరవై దాటితే బరువులు ముట్టొద్దు" అనేది ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా హాని చేసే మాట. 1990లో బోస్టన్‌లో 86 నుంచి 96 ఏళ్ల వయసున్న, వృద్ధాశ్రమంలో ఉంటున్న బలహీనులతో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. పూర్తిచేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. నడక గుండెకు, షుగరుకు మంచిదే, మానొద్దు. కానీ వరంగల్ భద్రకాళి చెరువు బండ్ మీద ఎన్ని చుట్లు తిరిగినా కండ బలానికి అది సరిపోదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్లకూ వారానికి కనీసం రెండు రోజులు బలం పెంచే వ్యాయామం చెప్పాయి.

మొదలుపెట్టడానికి కుర్చీలోంచి లేచి కూర్చోవడం చాలు: 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు, రోజు విడిచి రోజు. 12 సులువైతే 5 లీటర్ల నీళ్ల క్యాన్ ఛాతీకి హత్తుకుని చేయాలి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లు, కంటి ఆపరేషన్ కొత్తగా అయినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. ఛాతీలో నొప్పి వస్తే అక్కడికక్కడ ఆపాలి. ఒకవైపు చేతి పట్టు ఉన్నట్టుండి జారిపోయి, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది వ్యాయామంతో బాగయ్యే నీరసం కాదు, వెంటనే 108కు ఫోన్ చేయాలి.