పాత నడవను కొత్తగా పాతబరచడం ఎలా?

కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెతను వెంటనే సవరించాలి. ఇప్పుడు పాతే వింత. షరతు ఒక్కటే: ఆ పాతదనం నిన్నో మొన్నో చేయించినదై ఉండాలి. వందేళ్ల ఇల్లు కొన్నవారు ఈ సంస్కరణను నడవతోనే మొదలుపెట్టాలి. పడకగదిని ఎవరు చూస్తారు? తలుపు తీయగానే వచ్చినవారి కళ్లు పడేది నడవ మీదే.

ముందు గోడ సంగతి. పాత గోడకు సున్నం పూత ఉంటుంది. అది చెమ్మను పీల్చుకుంటుంది, గాలి ఆడినప్పుడు వదిలేస్తుంది. ఇంత నిలకడలేని పదార్థాన్ని నమ్మలేం. గీకి పారేసి సిమెంటు మెత్తించాలి. సిమెంటుది గట్టి పట్టు, గోడలోకి చేరిన తడిని అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు. కొన్నాళ్లకు గోడ అడుగున రంగు బుడగలు కడుతుంది, ఉప్పు తెల్లగా పూస్తుంది, పెచ్చులు ఊడతాయి. అప్పుడు గంభీరంగా తల పంకించి, 'పాత ఇళ్లంతే, చెమ్మ ఎక్కువ' అనాలి. ఆ ఊడిన పెచ్చులు కనపడకుండా, పెచ్చులూడిన గోడ బొమ్మ వేసిన వాల్‌పేపర్ అంటించాలి. అలాంటి వాల్‌పేపర్ నిజంగానే దొరుకుతుంది.

నకిలీ తప్పని నేననను. దానికీ ఘనమైన చరిత్ర ఉంది. చెక్కడపు పనిలా, అచ్చొత్తిన తోలులా కనిపించే లింక్రస్టా అనే గోడ తొడుగును ఫ్రెడరిక్ వాల్టన్ 1877లో కనిపెట్టాడు. తుడిస్తే శుభ్రపడుతుంది, దెబ్బలకు తట్టుకుంటుంది. అందుకే నడవ గోడల కింది సగానికి తెగ వాడారు. ఇప్పుడు మనం ఆ నూరేళ్లు దాటిన అసలైన నకిలీని పీకేసి, దాన్ని అనుకరించే ప్లాస్టిక్ పలకలు కొడుతున్నాం. సరిగ్గా అదే 1877లో కవి, డిజైనర్ విలియం మోరిస్, పాత కట్టడాలను గీకి బాగుచేసే పిచ్చి ఆగాలంటూ ఇంగ్లండులో ఒక సంఘం పెట్టాడు. ఇద్దరిలో ఎవరు గెలిచారో ఏ నడవలోకి తొంగిచూసినా తెలిసిపోతుంది.

ఇక నేల. పాత ఎన్‌కాస్టిక్ టైల్స్‌లో పువ్వును పైన అచ్చేయరు, రంగుమట్టిని లోపలికి పొదిగి కాలుస్తారు. అందుకే గుమ్మం ముందు అందరి కాళ్లూ పడేచోట పలక పల్లంగా అరిగినా పువ్వు అలాగే ఉంటుంది. గోడ వారన ఉన్న అదే పువ్వు అంచులు మాత్రం నిన్న దించినట్టు పదునుగా ఉంటాయి. ఈ అసమానత సహించరానిది. తవ్వేసి, అరుగుదలను కూడా అచ్చువేసిన కొత్త టైల్స్ పరవాలి. వాటిలో ప్రతి అయిదో పలకకీ ఒకే చోట ఒకే పగులు ఉంటుంది. క్రమశిక్షణ అంటే అది.

తలుపు చట్రాల మీది పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. అమెరికా ఇళ్లలో దాని వాడకాన్ని 1978లో నిషేధించింది. ముందు పరీక్ష చేయించడం, తడిపి గీకడం, దుమ్ము లేవకుండా చూడటం, పిల్లల్ని దూరంగా ఉంచడం పిరికివాళ్ల పని. మనం పొడిగానే సాండింగ్ మెషిన్ పెట్టి మొత్తం లేపేయాలి. తర్వాత కొత్త రంగు వేసి, అది ఆరాక మూలల్లో మళ్లీ సాండ్‌పేపర్‌తో రుద్దాలి, పాతగా కనిపించడానికి.

ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని పాత కట్టడాల పరిరక్షణకు నిపుణులు రాసుకున్న 1964 నాటి నియమావళి, వెనిస్ చార్టర్ అంటుంది. మన దగ్గర అది మొదలయ్యేదే అక్కడ. అసలు ఆ ఇంట్లో ఎన్నడూ లేని గిల్టు అద్దాలు, పాలరాతి స్తంభాలు 'ఒరిజినల్ లుక్' పేరుతో వచ్చి చేరతాయి.

నిజంగా మార్చాల్సింది ఒకటుంది. గోడలోపలి వైరింగ్. రబ్బరు పొడిబారి, ముట్టుకుంటే రాలిపోయే తీగలు. పాపం, అవి ఫొటోలో పడవు. కాబట్టి వాటిని ముట్టుకోం. ఈ ఒక్క విషయంలో మాత్రం వారసత్వాన్ని అక్షరాలా కాపాడుతున్నాం. అదే తీగకు ఒక కొత్త ఇత్తడి లాంతరు, అందులో పాతకాలపు ఫిలమెంటులా వెలిగే ఎల్‌ఈడీ బల్బు తగిలిస్తే నడవ పూర్తయినట్టే. స్విచ్ వేసేటప్పుడు అతిథులను కాస్త ఎడంగా నిలబెడితే మంచిది.