ఎం.ఏ. ఎకనామిక్సా, ఎంబీఏ ఆపరేషన్సా: ఒక బావా బావమరుదుల వాదన

(శ్రావణి డిగ్రీ ఆఖరి ఏడు. సబ్జెక్టులు ఎకనామిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్. తర్వాత ఏం చదివించాలన్నది వాళ్ల నాన్న సుధాకర్, మేనమామ రమణ తేల్చుకుంటున్నారు. సుధాకర్ ఎకనామిక్స్ లెక్చరర్. రమణ ఒక గోడౌన్ల కంపెనీలో ఆపరేషన్స్ మేనేజర్, అంటే సరుకు రాకపోకలు, రోజువారీ పని సాఫీగా నడిపేవాడు. ఊరు గుంటూరు. నేను సుధాకర్ పక్షం, ముందే చెప్పేస్తున్నాను.)

రమణ: బావా, పిల్లకి లెక్కలు బాగా వచ్చు. అలాంటిదాన్ని ఎం.ఏ.లో వేస్తారా? ఆపరేషన్స్ చేయించండి. ముంబైలో నీటీ ఉండేది కదా, 2023లో అదే ఐఐఎం ముంబై అయింది. మా ఫీల్డులో ఆ పేరుకి తిరుగులేదు. అంత దూరం వద్దంటే విశాఖలోనే ఐఐఎం ఉంది.

సుధాకర్: ఫీజు సంగతి చెప్పవేం?

రమణ: లోను ఇస్తారు.

సుధాకర్: ఇస్తారు, వసూలూ చేస్తారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎం.ఏ. ఫీజు దాని ముందు ఏ మూలకి?

రమణ: ఫీజు తక్కువే. చదువు? మన దగ్గర చాలాచోట్ల ఎం.ఏ. అంటే పరీక్షకి నెల ముందు గైడు కొని, డిమాండ్ సూత్రం, దాని మినహాయింపులు బట్టీ కొట్టడం. మా దగ్గరికి ఇద్దరు ఇంటర్వ్యూకి వచ్చారు. ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో డేటాతో లెక్కగట్టే రిగ్రెషన్ ఉంది కదా, అదేంటంటే నిర్వచనం అప్పజెప్పారు. డేటా ఇచ్చి చెయ్యమంటే మొహాలు చూసుకున్నారు.

(ఇది తగిలింది. సుధాకర్ కాసేపు మాట్లాడలేదు.)

సుధాకర్: అలాంటి చోట వెయ్యను. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే ఎంట్రన్స్ జామ్‌లో 2020 నుంచి ఎకనామిక్స్ పేపర్ ఉంది. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ రాకుండా అందులో గట్టెక్కలేరు. ఆ దారిన ఐఐటీల్లో ఎమ్మెస్సీ ఎకనామిక్స్ చెయ్యొచ్చు. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కి ఎకనామిక్స్‌లో పీజీయే అర్హత. మీ ఎంబీఏ అక్కడ పనికిరాదు.

రమణ: దానికి పోస్టులు ఎన్ని, రాసేవాళ్లు ఎందరు? అది వదిలేయండి. మన మిర్చి యార్డే చూడండి. సీజన్‌లో లారీలు రోడ్డు మీద పడిగాపులు. గంటకి 60 లారీలు వచ్చి, ఒక్కోటి లోపల 5 గంటలు ఉంటే, ఎప్పుడు చూసినా 300 లారీలు ఉంటాయి. ఆ 5 గంటల్ని 3 చేస్తే 180. కొత్తగా సెంటు స్థలం కొనక్కర్లేదు. 1961లో లిటిల్ అనే ఆయన రుజువు చేసిన సూత్రం ఇది. నాకు ఇలాంటి చదువు కావాలి.

సుధాకర్: సరే, నువ్వు చెప్పినట్టే చేద్దాం. కాటాలు పెంచాం, హమాలీల్ని పెంచాం, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, చకచకా దిగాయి. దిగిన కాయకి ధరెంత? 2023లో క్వింటాల్ 20 వేలు దాటిన సరుకు. 2025 ఫిబ్రవరి వచ్చేసరికి కేంద్రం క్వింటాల్‌కి 11,781 రూపాయలు లెక్కగట్టి, ధర పడిపోయినప్పుడు రైతుని ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. నారు పోసేటప్పుడు రైతు చూసేది నిరుటి ధర. అమ్మేది అప్పటికి ఏది ఉంటే దానికి. ధర బాగుందని అందరూ అదే వేస్తే అందరికీ పడిపోతుంది. కాబ్‌వెబ్, అంటే సాలెగూడు, అంటారు దీన్ని, 1934లో కాల్డర్ అనే ఆర్థికవేత్త పెట్టిన పేరు. దీనికి తోడు పెట్టుబడికి కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చిన కౌలు రైతు, ఆయన అమ్మమన్నప్పుడు అమ్మాలి. ఆ అప్పు మీ లెక్కలో ఏ గడిలో ఉంటుంది రమణా? సరుకు ఎంత రావాలి, ఎంత తొందరగా పోవాలి అని పైవాడు చెప్పాక మీ సబ్జెక్టు మొదలవుతుంది. ఆ మాట ఎవరు చెప్పారు, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడింది అని అడిగేది మాది. మీ గోడౌన్‌లోనే చూడు. స్టాకు మీరు పెట్టుకోవడం మానేసి సప్లయర్ చేత పెట్టించారు. మీ పుస్తకాల్లో ఇన్వెంటరీ తగ్గింది, నీకు బోనస్ వచ్చింది. ఆ చిన్న సప్లయర్ వడ్డీకి తెచ్చి స్టాకు పెట్టుకుంటున్నాడు. ఖర్చు తగ్గిందా, చేతులు మారిందా?

రమణ: కాబ్‌వెబ్ అని పేరు పెట్టి 90 ఏళ్లు దాటింది కదా. ఆగిందా? నా లారీ మాత్రం ఆ పూటే దిగుతుంది.

సుధాకర్: ఉన్న వనరుల్ని ఎలా పంచితే ఎక్కువ ఫలితం వస్తుందో లెక్కగట్టడానికి నువ్వు రోజూ వాడే లీనియర్ ప్రోగ్రామింగ్ ఎక్కడిది? 1939లో సోవియట్ యూనియన్‌లో ప్లైవుడ్ ఫ్యాక్టరీ యంత్రాలకి పని పంచబోయి కాంటరోవిచ్ అనే గణితవేత్త దాన్ని కనిపెట్టాడు. ఆయనకి 1975లో నోబెల్ వచ్చింది ఎకనామిక్స్‌లోనే.

రమణ: నేను చెప్పేదీ అదే. ఫ్యాక్టరీ లెక్క కట్టినాయనకి వచ్చింది, గైడు చదివినాయనకి కాదు.

సుధాకర్: యంత్రాలు పంచి ఊరుకోలేదు. ఒక యంత్రం ఇంకో గంట దొరికితే దాని విలువెంత అని అడిగాడు. అక్కడే అది ఎకనామిక్స్ అయింది. మీరు ఆ అంకె చూసి పక్కన పెట్టేస్తారు.

రమణ: ధరల గురించి అంత తెలిసినవాళ్లు, మా నాన్నని కాయ కోల్డ్ స్టోరేజీలో పెట్టమన్నారెందుకు?

సుధాకర్: సగం అమ్మమన్నాను. మొత్తం పెట్టమనలేదు.

రమణ: కోల్డ్ స్టోరేజీ వాళ్లిచ్చిన బాండ్లు మొత్తం సరుకుకీ ఉన్నాయి. అద్దె, వడ్డీ పోను ఏం మిగిలింది?

సుధాకర్: మామయ్య ఒకరి మాట వింటారా? మీ అమ్మనడుగు, ఆవిడ ముందే ఈ మాట చెప్పాను.

రమణ: అమ్మనేం అడుగుతాను? మీ బావ చెప్పాడుగా అంటుంది.

సుధాకర్: ఇప్పుడు ఆ గొడవెందుకు? శ్రావణి సంగతి చూద్దాం.

రమణ: ఐఐఎంల ఎంట్రన్స్ క్యాట్ నవంబర్‌లో, జామ్ ఫిబ్రవరిలో. రెండూ రాయనివ్వండి.

సుధాకర్: రాయనీ. క్యాట్ కోచింగ్ డబ్బు మాత్రం నీది.

రమణ: నాదే. మిర్చి మీద పోయినదాంట్లో అదెంత?