పదోవాడు కావలెను

కొచ్చిలోని మట్టాంచేరిలో యూదుల ప్రార్థనామందిరం ఉంది, పరదేశి సినగాగు. దానికి ఇక పెద్ద దిక్కెవరు, దాని భవిష్యత్తేమిటి అని పెద్దమనుషులు తెగ దిగులు పడుతున్నారు. అక్కడ ఒక ముసలమ్మో ముసలాయనో కన్నుమూసినప్పుడల్లా ఈ దిగులు వ్యాసంగా అచ్చవుతుంది. 1568లో కట్టారు, నేలంతా చైనా పలకలు, పైన బెల్జియం దీపాలు. ఒక పలకమీది బొమ్మ ఇంకో పలకమీద ఉండదట. ఆ ముక్క లేకపోతే ఎడిటర్లు వ్యాసం వేసుకోరనుకుంటాను. చివర్లో 'ఒక శకం ముగిసింది' అని నిట్టూర్పు.

సరే, మన వంతు సాయంగా ఒక భవిష్యత్ కమిటీ వేద్దాం. కొచ్చి యూదులకు ఆనవాయితీగా రబ్బీ, అంటే మతగురువు, లేడు, ప్రార్థన పెద్దలే నడిపేవారు. కాబట్టి జీతం బెడద లేదు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉంటే చాలు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారా? అనండి. చిక్కల్లా కోరం దగ్గరే. సామూహిక ప్రార్థనకు పదమూడేళ్లు దాటిన మగవాళ్లు పదిమంది ఉండాలి. అక్కడ మిగిలినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టినా వేళ్లు మిగులుతాయి.

శుక్రవారం సాయంత్రం, యూదుల వారపు ప్రార్థన వేళ. ఏలకుల కొట్టుకీ శాలువాల కొట్టుకీ మధ్య కమిటీ కాపు కాసింది. టోపీ పెట్టుకున్న తెల్లాయన కనపడగానే కన్వీనరు ఎదురెళ్లాడు.

"అయ్యా, తమరు యూదులేనా?"

"కాదండీ, మాది బెల్జియం."

"దీపాలు బాగా వెలుగుతున్నాయండీ, థాంక్స్."

తర్వాత ఒక ఇజ్రాయెల్ కుర్రాడు దొరికాడు. కానీ అతనికి ఏడింటికి గోవా బస్సు. అమెరికా నుంచి వచ్చిన దంపతులు వెంటనే ఒప్పుకున్నారు. ఆవిడ హీబ్రూ గడగడా చదువుతుంది, ఆయనకు అక్షరం ముక్క రాదు. లెక్కలోకి ఆయనొక్కడే వస్తాడు. ఆవిడ తన పుస్తకం ఆయన చేతిలో పెట్టి, సరైన పేజీ కూడా తీసిచ్చి పక్కకెళ్లి కూర్చుంది. అటూ ఇటూ పోగేస్తే తొమ్మిదిమంది తేలారు. చీకటి పడుతోంది. కన్వీనరు చూపు గుమ్మం దగ్గరి పోలీసు మీద పడింది. "నేను క్రిస్టియన్ని సార్," అన్నాడతను, అడక్కముందే.

జనం ఎందుకు లేరంటే అందరూ 1948 తర్వాత ఇజ్రాయెల్ వెళ్లిపోయారంటారు. నిజమే, వెళ్లారు. కానీ వాళ్లింకా ఇక్కడున్న రోజుల్లో ఆ బెంచీల మీద ఎవరిని కూర్చోనిచ్చారో కూడా చెప్పాలిగా? ఈ సినగాగు పరదేశి యూదులది, అంటే బయటి దేశాలనుంచి వచ్చిన తెల్ల యూదులది. మలబారు యూదులు వీళ్లకంటే ఎంతో ముందునుంచీ ఆ నేలమీద ఉన్నవాళ్లు. వాళ్లతో వియ్యం లేదు, సమాన సభ్యత్వం లేదు. ఇక తమలోనే, తాతముత్తాతలు ఎవరింట్లోనో బానిసలన్న పాపానికి వారి సంతానాన్ని ముందు వసారాలోనే ఆపేశారు. పవిత్ర గ్రంథమైన తోరా చదవడానికి పిలవలేదు. 16వ శతాబ్దంలోనే కైరో నుంచి రబ్బీ డేవిడ్ ఇబ్న్ జిమ్రా వీళ్లూ యూదులేనని తీర్పు రాసి పంపాడు. ఆ కాగితాన్ని మడిచి ఎక్కడ పెట్టుకున్నారో ఆ పెద్దలకే ఎరుక.

ఆ సంతానంలోవాడే అబ్రహాం బరాక్ సేలం, లా చదువుకున్నవాడు, కొచ్చి శాసనమండలిలో కూర్చున్నవాడు. రాజ్యం సీటిచ్చింది, దేవుడి ఇంట్లో బెంచీ ఇవ్వలేదు. అక్కడా సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది, సొంత మతంవాళ్ల మీద. యూదు గాంధీ అని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటారు. సిగ్గుండక్కర్లేదా? ఏ రెండు పలకలూ ఒకలా లేవని మురిసిపోయే చోట, మనిషి ఒంటి రంగు వేరైతే మాత్రం ఓర్చుకోలేకపోయారు! ఇప్పుడు బెంచీలన్నీ ఖాళీ. కూర్చోండి, ఎవరు వద్దన్నారు?

అదే మట్టాంచేరిలో మలబారు యూదుల కడవుంభాగం సినగాగు లోపలి చెక్కపని జెరూసలేం మ్యూజియంకి వెళ్లింది. గోడలు 2019 వానలకు కూలాయి. దానికి కమిటీ లేదు, అంత అందమైన పలకలూ లేవు.

భవిష్యత్తు గురించి అంత బెంగగా ఉంటే గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెం వెళ్లి రావచ్చు. అక్కడ బెనె ఎఫ్రాయిం అని తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలున్నాయి. మేం యూదులమంటారు, శనివారం పాటిస్తారు, సొంతంగా సినగాగు కట్టుకున్నారు. పిల్లలూ ఉన్నారు. వాళ్ల దగ్గరికెళ్లిన ప్రతివాడూ ముందు అడిగేది, మీరు యూదులని రుజువేది అని. మన కమిటీ కూడా అదే అడుగుతుంది. మూడు సెట్లు, గెజిటెడ్ అధికారి సంతకంతో.